వెలనాటి నీటిమాట



తూర్పు కాలువ, నిజాంపట్నం కాలువ, పడమర కాలువ అను మూడు పాయలు ఊరి నడుమ పాఱుచుండు తెనాలిలో, ఇందఱు పండితుల సమక్షమున నన్నీ పీఠముపై కూర్చుండబెట్టిన మీ సౌజన్యమునకు కృతజ్ఞుడను. సాహిత్యసభలో నీటిపారుదల ప్రసంగమేలయని మీరడుగవచ్చును. నేను చెప్పబోవునది ఒక మాటను గూర్చియే. ఆ మాట దొరువు.

బాపట్ల నుండి సూర్యలంకకు పోవు దారిలో, సరుగుడుతోటల నడుమ ఇసుకనేలలో, గరాటువలె అంచులు వాలియుండిన ఒక గోతిని నా బాల్యమున చూచితిని. దానినే దొరువందురు. ఒక వృద్ధురాలు రెండు చేతులతో రెండు కడవలు పట్టుకొని ఆ వాలుమీదుగా దిగి, నీరు ముంచి, పైకెక్కి, మిరపనారుపై చిలుకరించి, మరల దిగుచుండెను. అడుగున ఇసుకను చేతితో కెలుకుచున్న నన్ను చూచి ఆమె, "లోతుకు తవ్వమాక నాయనా, ఉప్పు పైకొస్తది" అన్నది. ఆ మాటలోని శాస్త్రము నాకు చాలాకాలమునకు గాని బోధపడలేదు. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక యగుటచే, క్రిందనున్న సముద్రపు టుప్పునీటిపై పలుచని పొరగా నిలుచును. మెల్లగా తోడినంతకాలము ఆ పొర తీయగానే యుండును, దురాశతో లోతునకు పోయినచో ఉప్పు పైకి లేచును. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ పాతపద్ధతినే సంస్కరించి, తీపినీటి పొరలో చిల్లులుగల గొట్టములను అడ్డముగా పఱచి, వానిలో చేరిన నీరు నడుమనున్న బావిలోనికి తానై వచ్చునట్లును, చిన్న మోటారుతో దానిని తోడుకొనునట్లును ఏర్పఱచిరి. వృద్ధురాలి హెచ్చరికయే ఆ యేర్పాటునకు మూలసూత్రము.

వెలనాడని పేరుపొందిన ఈ సీమలో ఒకప్పుడు చెరువు, కుంట, చలమ, దొరువు అని నీటికి పెక్కు ఠావులుండెడివి. నందననామ సంవత్సరపు కరవులో, అనగా 1832-33 లో, గుంటూరు జిల్లాలోని సుమారు 5 లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు నశించిరని చరిత్ర చెప్పుచున్నది. ఆ దుఃఖస్మృతి చల్లారకమునుపే కాటన్ దొర ప్రోద్బలమున, ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణమున, 1852 మొదలు 1855 వరకు బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట కట్టబడినది. దాని స్థానమున 1957 నాటికి ప్రకాశం బారేజి వెలసినది. ఇరుగట్టుల డెల్టాలో రమారమి 13 లక్షల ఎకరములు ఆ నీటివలన పండుచున్నవి. ఆ యుపకారమును తక్కువచేసి మాటాడుట కృతఘ్నత. కాని కాలువ వచ్చిన పిదప తక్కిన ఠావులన్నియు మఱుగుపడినవి. మంచినీటి చెరువు సైతము వేసవిలో కాలువలు కట్టివేయకమునుపు ఆ నీటితోనే నింపుకొనవలసిన పాత్రయైనది. "కాలువ వదిలారా?" అనుటయే తొలకరినాటి మా కుశలప్రశ్న.

ఇంతటి డెల్టాకు తలవాకిటనున్న బారేజిలో నిలుచునది సుమారు 3 టి.ఎం.సి.లు మాత్రమే. నదీజలముల పంపకముపై 1976 లో ప్రకటితమైన బచావత్ తీర్పు కృష్ణాడెల్టాకు 181.20 టి.ఎం.సి.లు చూపినను, ఎగువ జలాశయములు నిండని యేట ఆ యంకె మడిని తడుపజాలదు. 2002 తరువాతి దుర్భిక్షవత్సరములలో మనమా సంగతి ప్రత్యక్షముగా చూచితిమి. 45.77 టి.ఎం.సి.ల పులిచింతల జలాశయము వచ్చినది; 2015 నుండి పట్టిసీమ యెత్తిపోతలు గోదావరిని కృష్ణకు తెచ్చుచున్నవి. రెండును ఆదుకొన్నవి, ఆదుకొనుచున్నవి. ఐనను మన చూపు బెజవాడనుండి పోలవరమునకు మఱలినదే గాని, మన పాదముల క్రిందికి దిగలేదు. ఇది నన్ను మిక్కిలి బాధించుచున్నది.

నేను రేపల్లె శివారు గ్రామమున పుట్టినవాడను. వంతు వచ్చిన రాత్రి మా తండ్రిగారు లాంతరు పట్టుకొని తూము గట్టుమీద కూర్చుండెడివారు. తెల్లవాఱుజామునకు నీరు చీలమండ లోతున వచ్చినచో అదృష్టమే. ఆషాఢమున అట్లు కాచికొన్న చేనే కార్తీకపు వానలకు కంకులతో సహా మునిగెడిది. ఆ నీరంతయు రేపల్లె డ్రెయినువెంట సముద్రమున కలిసెడిది. మురుగుకాలువలలో అక్కడక్కడ చిన్న అడ్డుకట్టలును, ముఖద్వారములవద్ద పోటును ఆపు తలుపులును పెట్టి, వఱద వచ్చినప్పుడెత్తి, తగ్గినప్పుడు దించుకొన్నచో, ఆ నీటిలో కొంతైన నిలుచును గదా! ఇప్పటికే ఆయిల్ ఇంజనులతో డ్రెయిన్లనుండి తోడుకొనుచున్న రైతులు ఆ దారి చూపియే యున్నారు.

ఎగువనున్న తెనాలి రైతునకును ఇందులో పాలు కలదు. వరికోతకు రెండుమూడు దినముల ముందు నిలుచున్న చేలోనే మినుములు చల్లి, మిగిలిన పదనుతోను మంచుతోను పంట తీయు నేర్పు ఈ నేలదే. నారు పోయక వెదజల్లి పండించు వరియు నట్టిదే. దుగ్గిరాలవద్ద మిగిలిన నీరే నిజాంపట్నమువద్ద దక్కు నీరు. 2022 లో జిల్లాలు విడదీసినప్పుడు తెనాలి గుంటూరులోను, రేపల్లె బాపట్లలోను నిలిచినవి. నీటికా యెల్ల తెలియదు గనుక, తెనాలి, రేపల్లె, బాపట్ల అను మూడు పట్టణముల పరిధికి కాలువ, మురుగు, వాన, ఊట అను నాల్గింటిని ఒక్క లెక్కలో చూపు ప్రణాళిక ఒక్కటే యుండవలెను. ఆ లెక్క కట్టువారికి ఏ నేలలో ఏ ఋతువున ఎంత లోతున తీపినీరుండునో చెప్పగలవారు వృద్ధరైతులు, కాలువ లస్కరులు. వారి పలుకులను సేకరించు పని సాహిత్యకులమైన మనది. ఈ సభ ఆ పనికి ఒక సంఘమును నియమింపవలెనని నా విన్నపము.

గత వేసవిలో ఆ సూర్యలంక దారినే పోయి, నాటి దొరువును వెదకితిని. అది పూడిపోయినది. కొంత దూరమున ఒక యువకుడు గొట్టములు పఱచిన కొత్త దొరువునుండి నీరు తోడుచుండగా దోసిలి పట్టి త్రాగితిని, తీయగానే యున్నది. ఎంత లోతు తవ్వితివని అడిగితిని. "రెండు నిలువులు దాటనీయలేదండి. మా నాయనమ్మ ఒద్దనేది" అన్నాడు.