పెరటి కోళ్ళు: ఒకే వాకిట మూడు తరములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుటకు తగినవారు పెక్కురు కలరు. నన్ను కోళ్ళను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు మొదట నవ్వితిని. తరువాత ఆలోచించి చూడగా, నేను ఈ గ్రంథాలయపు గడప మొట్టమొదట త్రొక్కినది కోళ్ళ మూలముననే యని జ్ఞప్తికి వచ్చినది. ఆ సంగతి ముందు మనవి చేసెదను. నేను పశువైద్యుడను గాను. ఇరువది యేండ్లకు పైగా పెరటిలో పదిహేను, ఇరువది కోళ్ళను పెంచుచున్న గృహస్థుడను మాత్రమే. కాబట్టి నా మాటలలో శాస్త్రము కొంత, దెబ్బతిని నేర్చుకొన్నది కొంత ఉండును.

మన ఏటూరునాగారమునకు కోడి క్రొత్త చుట్టము కాదు. లోకములోని పెంపుడు కోళ్ళన్నిటికిని మూలము ఎర్ర అడవికోడి. అయితే కోడికాలి పసుపు వన్నె మాత్రము బూడిదరంగు అడవికోడి నుండి సంక్రమించినదని 2008లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ రెండు జాతుల ఎల్లలును ఇంచుమించుగా మన గోదావరి ప్రాంతముననే కలియునని పక్షిశాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. మనము గింజలు చల్లి పిలువగా పరుగెత్తి వచ్చు ఈ పక్షి అడవి గుణమును నేటికిని పూర్తిగా విడువలేదు. ఆకులు త్రవ్వి పురుగులను వెదకును. చీకటి పడగానే ఎత్తైన కొమ్మను కోరును. తనకంటె చిన్నదానిని ముక్కుతో పొడిచి తరుమును. ఈ మూడు గుణములు ఎరిగినవారికి కోళ్ళ పెంపకము సగము తెలిసినట్లే.

పెద్ద కోళ్ళ ఫారములలో ఒక కొట్టమున ఒకే వయసు కోళ్ళను పెట్టుదురు. అన్నియు ఒకనాడు వచ్చును, ఒకనాడు పోవును. తరువాత కొట్టమును కడిగి ఆరబెట్టుదురు. మన వాకిళ్ళలో అట్లు సాగదు. ముసలి పెట్ట ఒకటి, గుడ్లు పెట్టుచున్నవి నాలుగైదు, ఇంకను గుడ్డుకు రానివి కొన్ని, తల్లి వెంట తిరుగు పిల్లలు పది, వీనిపై ఒక పుంజు. తాతమ్మ మొదలు పసిబిడ్డ వరకు ఒకే ఇంట నివసించు ఉమ్మడి కుటుంబము వంటిది మన మంద. ఉమ్మడి కుటుంబములో వచ్చు తగవులన్నియు ఇందును కలవు. అందులో మొదటిది తిండి తగవు.

గింజలు చల్లినపుడు గమనించుడు. పుంజును, పెద్ద పెట్టలును ముందు తినును. మధ్యవయసువి అంచున తిరుగుచు దొరికినంత ఏరుకొనును. పిల్లలకు మిగులునది నూకల దుమ్ము. పిల్లకు పుట్టిన మొదటి ఆరు వారములే మాంసము, ఎముక, ఈకలు ఏర్పడు కాలము. ఆ దినములలో మేతలో ఇంచుమించు నూటికి ఇరువది పాళ్ళు మాంసకృత్తు లుండవలెను. గుడ్డు పెట్టు పెట్టకు పదునారు, పదునేడు పాళ్ళు చాలును. అనగా ఎక్కువ బలము కావలసినదానికే మన వాకిట తక్కువ దొరకుచున్నది. మన పిల్లలలో పలువురు గద్దకును పిల్లికిని పోయినవని అనుకొందుము. వానిలో కొన్ని, తిండి చాలక రెక్కలు వ్రేలవేసి వెనుకబడుటచేతనే గద్దకు చిక్కినవి.

అయితే అంగడిలో దొరకు మేత సంచి తెచ్చి అందరికిని పెట్టరాదా యని అడుగవచ్చును. ఇక్కడనే జాగ్రత్త కావలెను. గుడ్లు పెట్టు కోళ్ళ మేతలో సున్నము నూటికి మూడున్నర, నాలుగు పాళ్ళుండును. ఒక్క గుడ్డు పెంకులోనే రెండు గ్రాముల వరకు సున్నపు ధాతువు పోవును గనుక పెట్టకు అది అవసరము. పిల్లకు నూటికి ఒక పాలు చాలును. పెట్టల మేతనే దినదినము పిల్లలకు పెట్టినచో ఆ సున్నమును బయటికి త్రోయలేక వాని మూత్రపిండములు చెడును. కోసి చూచినచో లోపలి అవయవములపై సుద్ద చల్లినట్లు తెల్లని పూత కనబడును. దానిని చూచి ఏదో విషమని కొందరు భ్రమపడుదురు. విషము కాదు, తల్లి తిండి బిడ్డకు పెట్టిన ఫలము.

దీనికి ఉపాయము తలక్రిందుగా నున్నది. పెట్టల మేత పిల్లలకు పనికిరాదు గాని, ఎదిగే పిల్లల మేత పెట్టలకు హాని చేయదు. కావున అందరికిని ఎదిగే పిల్లల మేతనే పెట్టి, పెట్టలకు కావలసిన సున్నమును వేరుగా ఒక మూకుటిలో నుంచవలెను. గోదావరి ఒడ్డున దొరకు ఆలిచిప్పలను, నత్తగుల్లలను ఎండబెట్టి, రోటిలో జొన్నగింజంత పలుకులుగా దంచి పెట్టుడు. పెట్ట తనకు కావలసినంత తానే ఏరుకొనును. గుడ్డు పెట్టు దినములలో, ముఖ్యముగా సాయంకాలములందు, ఎక్కువగా తినును. పుంజు దాదాపు ముట్టదు. ఏ శాస్త్రమును చదువని ఆ పక్షికి ఈ లెక్క ఎవరు నేర్పిరో గాని, తప్పు చేయుట నేను చూడలేదు.

పిల్లలకు ప్రత్యేకముగా బలమైన తిండి అందవలెనన్నచో మన ఇంట నున్న కోళ్ళగంపయే చాలును. సాధారణముగా మనము పిల్లలను తల్లితో కూడ గంపక్రింద మూయుదుము. గద్ద భయమునకు అది మంచిదే. మేత వేళ మాత్రము గంప అంచును నాలుగు రాళ్ళపై, రెండంగుళములు మించకుండ ఎత్తి నిలిపి, లోపల పిల్లల మేత నుంచుడు. పైన ఒక బరువు పెట్టుడు. లేనిచో పుంజు గంపను పడద్రోయును. పిల్లలు సందులో దూరి తినును. పెద్దవి చుట్టును తిరిగి విసుగుచెంది పోవును. వెదురు తడకతో చిన్న దొడ్డి కట్టి సందు లుంచినను ఇదే పని జరుగును.

ఆ మేత యేమిటందురా? పది పాళ్ళలో అయిదు మక్కజొన్న నూక, ఒకటిన్నర తవుడు, రెండున్నర పల్లిచెక్క, ఒకటి ఎండుచేపల పొడి, చిటికెడు లవణమిశ్రమము. చేప ఉప్పు వేయనిదై యుండవలెను. ఉప్పు అధికమైనచో పిల్లలు చచ్చును. ఇది అంగడి మేతకు సరితూగునని నేననను. వాకిట పురుగులను, గడ్డిని ఏరుకొను పిల్లలకు చాలును.

చెదపురుగుల సంగతి మరువరాదు. ఈ విద్య మా పక్కింటి కోయ అవ్వ నాకు నేర్పినది. పాతకుండలో తడిపిన వరిగడ్డి, పెండ కూరి, పుట్ట దగ్గర బోర్లించి రాత్రి విడిచినచో తెల్లవారునప్పటికి కుండనిండ చెదలు చేరును. పిల్లల ముందు దులిపినపుడు చూడవలెను ఆ సందడి! మాంసకృత్తుల గూర్చి ఆ అవ్వకు ఒక్క మాట తెలియదు. ఆమె పిల్లలకు త్వరగా రెక్కలు వచ్చుట మాత్రము నేను కన్నులార చూచితిని. అయితే ఇంటి గోడ దగ్గర ఈ కుండ పెట్టకుడు. చెద కోడికి ఆహారము గాని, మన దూలములకు శత్రువు.

మేత విషయమున ఇంకొక్క హెచ్చరిక. వానకాలమున మక్కలు, పల్లిచెక్క చెమ్మగిల్లి బూజుపట్టును. మనకు పనికిరానిది కోళ్ళకు పోయుట మన అలవాటు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు ఏదో తెలియని రోగముతో చచ్చెను. విచారింపగా బ్రెజిలు నుండి వచ్చిన బూజుపట్టిన పల్లిచెక్కయే కారణమని తేలినది. ఆ బూజు విషమునకు అఫ్లాటాక్సిను అని పేరు. అది కాలేయమును చెరచును, ఉడికించినను పోదు. పిల్లలపై దాని ప్రభావము ఎక్కువ. బూజుపట్టిన గింజలను పెంటలో పూడ్చుడు.

ఇక పొడుచుకొను తగవు. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడువవచ్చునో ఒక వరుస కలదని, నార్వే దేశీయుడు షెల్డెరుప్ ఎబ్బె అను ఆయన బాల్యమునుండి కోళ్ళను చూచుచు పెరిగి, 1921-22లలో శాస్త్రముగా ప్రకటించెను. మన ఇల్లాండ్రకు ఇది ఎప్పుడో తెలియును. క్రొత్త కోడి రాగానే ఈ వరుస యంతయు కలత చెందును. కావున క్రొత్తదానిని ఒక వారము తడక కివతల నుంచి, ఒకరినొకరు చూచుకొననిచ్చి, ఆ పిమ్మట రాత్రివేళ గూటిలో కర్రమీద మెల్లగా కూర్చుండబెట్టుడు. ఒంటరి పిల్లను చేర్చుట కంటె రెండు మూడింటిని కలిపి చేర్చుట మేలు. మేత మూకుళ్ళు, నీటి పళ్ళెములు ఒకటికి మూడు చోట్ల నుంచినచో చిన్నవానికి పారిపోయి తినుటకు చోటు దొరకును. నీటి పళ్ళెములో గులకరాళ్ళు వేయుడు, పిల్లలు మునుగవు. పదిమంది పెట్టలకు ఒక పుంజు చాలును. మిగిలిన పుంజులను నాలుగైదు నెలలకే అమ్మివేయుట ఇంటికిని, మందకును శ్రేయము.

రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళను గూర్చి పలువురు అడుగుదురు. మంచివే. నాటుపెట్ట యేడాదికి యాభై, అరువది గుడ్లు పెట్టు చోట ఇవి వందకు పైన పెట్టును. కాని ఇవి సాధారణముగా పొదుగవు. తల్లి లేని పిల్లలే మన చేతికి వచ్చును గనుక ఆరు వారములు వెచ్చదనమిచ్చి సాకవలెను. వనరాజాకు మేత మితిమీరినచో బరువెక్కి, పిల్లి వచ్చినపుడు పరుగెత్తలేదు. నేనైతే మందలో రెండు నాటుపెట్టలను ఎప్పుడును తప్పించను.

ఇపుడు నేను దాటవేయుచు వచ్చిన సంగతి. పదునెనిమిదేండ్ల క్రిందట ఒక అంగడిలో మంచి వన్నెగల పెట్టను చూచి మురిసి కొంటిని. ఇంటికి తెచ్చి, చీకటిపడినదని, నేరుగా గూటిలో విడిచితిని. నాలుగవ నాటికి అది మెడ ముడుచుకొని, ఆకుపచ్చగా పారుచు, నోరు తెరచి కొక్కెరవలె అరచుచు చచ్చినది. అదే కొక్కెర తెగులు. పుస్తకములలో రాణిఖేతు వ్యాధి యందురు. పది దినములలో నా పందొమ్మిది కోళ్ళలో మూడు మిగిలినవి. అమ్మినవానికి తెలిసియుండదు, తొందర నాది. అంతటితో పోయినను బాగుండెడిది. నా కోళ్ళు, అవ్వ కోళ్ళు ఒకే చింతచెట్టు క్రింద తిరుగునవి. ఆమెవి పదకొండును పోయినవి. ఆ కోళ్ళను అమ్మి మనుమరాలి చదువునకు పంపవలెనని ఆమె దాచుకొన్నది. ఆమె తగవునకు రాలేదు. “అయ్యా, నువ్వు సదువుకున్నోనివి గద, ఇది ఎందుకొస్తదో పుస్తకంల లేదా?” అని మాత్రము అడిగినది.

ఆ మరునాడు నేనీ గ్రంథాలయమునకు వచ్చితిని. కోళ్ళ పెంపకముపై అట్ట చినిగిన పుస్తక మొకటి దొరకినది. ఆ పుస్తకములో అన్నియు ఉన్నవి! క్రొత్త కోడిని మూడు నాలుగు వారములు దూరముగా నుంచవలెనని, ముందు పిల్లలకు, తరువాత పెద్దవానికి, చివర జబ్బువానికి మేత వేయవలెనని, పెద్దకోళ్ళు తాము జబ్బుపడకయే రక్తపారుడు రోగపు బీజములను రెట్టలో విడుచునని, అందుచే పిల్లలుండు చోట వరిఊక పొడిగా నుంచవలెనని, చచ్చినవానిని వాగులో పారవేయక లోతుగా పూడ్చవలెనని. అవ్వకు ఆ పుటలు చదివి వినిపించితిని. మూడు పెట్టలను కొని ఇచ్చితిని గాని, పోయినవాని వెల అది కాదు.

కొక్కెర తెగులు వచ్చిన పిదప మందు లేదు. రాకుండ టీకా కలదు. మొదటి వారములో కంటిలో లేక ముక్కులో ఒక చుక్క, నాలుగవ వారమున మరల ఒకమారు, ఎనిమిది పది వారములకు రెక్కక్రింద సూది. చిక్కు ఎక్కడ ననగా, టీకా బుడ్డి సాధారణముగా వందకో, రెండువందలకో, అంతకు మించిన కోళ్ళకో సరిపడునట్లు వచ్చును. కలిపిన పిదప రెండు గంటలలో వాడవలెను. అంతవరకు మంచులో నుంచవలెను. పన్నెండు పిల్లలున్న ఇల్లాలు ఒక్కతె దానినేమి చేయగలదు? ఒక్క ఇంటివారు టీకా వేయించి చుట్టుపట్ల పది ఇండ్లు మానినచో తెగులు ఆ వాడలోనే తిరుగుచుండును. ఎండలు ముదురకముందే, జాతరలకు కోళ్ళు ఊరూరు తిరుగక ముందే ఈ పని జరుగవలెను.

అందుచే కార్యదర్శిగారి అనుమతితో ఒక మనవి. పత్రికల బల్ల ప్రక్కనున్న నల్లబల్లపై కుడివైపు సగము ఈ దినము నుండి కోళ్ళకు విడిచినారు. ఇంటివారి పేరు, పిల్ల లెన్ని, పెద్దవి ఎన్ని యని వ్రాయుడు; వ్రాయ రానివారికి మా మనుమడు వ్రాసిపెట్టును. లెక్క వంద దాటినపుడు పశువైద్యశాలకు కబురుచేసి మంచుపెట్టెలో టీకా తెప్పించెదము. కోళ్ళు గూటికి చేరిన పిమ్మట పట్టుట సులభము గనుక సంధ్యవేళ వచ్చెదము. దీపము సిద్ధముగా నుంచుడు. ఇప్పటికి బల్లపై రెండు పేర్లున్నవి. మొదటిది నాది, రెండవది అవ్వ మనుమరాలు వ్రాసినది. పెద్దవి తొమ్మిది, పిల్లలు పదునాలుగు.