గడ్డ ఒకటే, లోపలి కణాలు ఒకటి కావు

(వార్షిక మహాజన సభలో మండల సమాఖ్య ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు ఇందాకే విన్నారు. మేము ఆరోగ్యం సంగతి చెప్పడానికి నిలబడ్డాం. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో అన్నింటికంటే ఎక్కువగా కనిపిస్తున్నది రొమ్ము క్యాన్సర్. గడ్డ తగిలితే దాచుకోకండి, వెంటనే చూపించుకోండి అని ఇంతకుముందు సభల్లో చెప్పాం. ఈసారి చికిత్స మొదలయ్యాక వచ్చే చిక్కు గురించి చెబుతాం. ఎందుకంటే సంఘం సమావేశాలకు వెళ్లినప్పుడల్లా మాకు రెండు మాటలు వినిపిస్తున్నాయి.

"ఇద్దరికీ అదే జబ్బు, గడ్డ కూడా ఒకే సైజు. ఆమెకు రోజుకో మాత్ర ఇచ్చి పంపారు, ఈమెకు సెలైన్‌లో మందులు ఎక్కించి జుట్టంతా ఊడగొట్టారు. ఇదేం వైద్యం?" అనేది మొదటి మాట. "రెండుసార్లు మందు ఎక్కించేసరికి గడ్డ కరిగిపోయింది, ఇంక బస్సులెక్కి తిరగడం దేనికి?" అనేది రెండోది. ఈ రెంటికీ జవాబు ఆ గడ్డలోపలే ఉంది.

మన ఒళ్లంతా కణాలే. ఒక కణం అదుపు తప్పి రెండై, నాలుగై పెరుగుతూ పోతే అది గడ్డవుతుంది. శనగ గింజంత గడ్డలో కూడా కోట్ల కణాలుంటాయి. కణం విడిపోయినప్పుడల్లా లోపలి జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు వస్తుంటాయి. అందుకే ఒక్క తల్లికణం నుంచి పుట్టినవే అయినా కొన్నేళ్లకు అవన్నీ ఒకేలా ఉండవు. కొన్ని త్వరగా పెరుగుతాయి, కొన్ని నిదానంగా ఉంటాయి, కొన్ని మందుకు లొంగవు. ఈ సంగతిని అమెరికాలో పీటర్ నోవెల్ అనే శాస్త్రవేత్త 1976లోనే వివరించారు. 2011లో నికొలస్ నావిన్ బృందం ఒక రొమ్ము గడ్డలోంచి 100 కణాలు తీసి, ఒక్కోదాని జన్యువుల్ని విడివిడిగా చదివింది. అందులో మూడు వేర్వేరు గుంపుల కణాలు బయటపడ్డాయి.

మనకు ఇది కొత్త విషయమేం కాదు. వరిమడిలో కలుపంటే ఒకటేనా? ఊద ఉంటుంది, తుంగ ఉంటుంది, వెడల్పాకు కలుపు ఉంటుంది. ఊదకు కొట్టే మందుకు తుంగ చావదు. ఊద పోయాక మడి శుభ్రంగానే కనిపిస్తుంది గానీ, మిగిలిన తుంగకు ఇప్పుడు పోటీ ఎవరూ లేరు. నెల తిరిగేసరికి మడంతా అదే. గడ్డలోనూ అంతే జరుగుతుంది. లొంగే కణాలు చస్తే గడ్డ చిన్నదవుతుంది. మొండి కణాలు చేతికి తెలియనంత చిన్నగా అక్కడే ఉండిపోవచ్చు, వేరే చోటికి పోయి కూర్చోవచ్చు.

అందుకే డాక్టర్లు చాలాసార్లు రెండు మూడు మందులు కలిపి ఇస్తారు. ఒకదానికి లొంగని కణం ఇంకోదానికి లొంగుతుందని. ఇందులో మన తెలుగువాళ్ల పాత్ర కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో అక్కడ తయారైన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ మందును మరో రెండిటితో కలిపి ఇస్తే, ఆపరేషన్ తర్వాత రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గిందని ఇటలీలో బొనడోన్నా అనే డాక్టరు 1976లో చూపించారు.

ఇక మాత్ర ఎవరికి, సెలైన్ ఎవరికి అన్న సంగతి. సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దాన్నే బయాప్సీ అంటారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని భయపడి ఆపకండి. ఆ పరీక్ష లేకుండా ఏ మందు పనిచేస్తుందో తెలియదు. రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-2 అని మూడు పేర్లుంటాయి. మొదటి రెండూ హార్మోన్లకు సంబంధించినవి. ఈఆర్ 70 శాతం అని రాస్తే, చూసిన క్యాన్సర్ కణాల్లో నూటికి 70కి ఆ గుర్తు ఉందని, మిగతా 30కి లేదని అర్థం. అంటే మనం చెప్పుకున్న తేడా ఆ కాగితం మీదే అంకెల్లో ఉంటుంది. ఈఆర్ ఉన్నవాళ్లకు టామోక్సిఫెన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి, వాటిని 5 ఏళ్లు, కొందరు 10 ఏళ్లు వాడాలి. హెర్-2 ఎక్కువగా ఉన్నవాళ్లకు ట్రస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. మూడూ లేనివాళ్లకు ఆ మాత్రలూ ఆ ఇంజెక్షనూ పనిచేయవు, ముఖ్యంగా కీమో మీదే ఆధారపడాలి. కాబట్టి పక్కింటామె మందుతో మన మందును పోల్చుకోకూడదు. ఆమె మిగిల్చిన మాత్రలు అడిగి తెచ్చుకోవడం అసలే వద్దు.

మన మండలంలో ఒక అక్కకు రెండు కీమోలకే గడ్డ బాగా తగ్గింది. కోతల రోజులు, ఇంట్లో పనికి మనిషి లేదు, తగ్గిందిగా అని ఇంట్లోవాళ్లు మాన్పించారు. ఎనిమిది నెలలకు చంకలో గడ్డ తేలింది. మళ్లీ ఆస్పత్రికి వెళ్తే పాత రిపోర్టు అడిగారు. ఇంట్లో దొరకలేదు, ఆస్పత్రిలో వెతికి తీసేసరికి రెండు వారాలు పోయాయి. మళ్లీ ముక్క తీసి చూస్తే మొదటిసారి ఉన్న ఈఆర్ ఈసారి లేదు, మందులు మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు చికిత్సలో ఉంది. "నా పేరు చెప్పకండి, సంగతి మాత్రం అందరికీ చెప్పండి" అని ఆమే అన్నది. జబ్బు తిరగబెడితే వీలున్నచోట మళ్లీ బయాప్సీ చేయమనేది ఇందుకే. మొదటి రిపోర్టు చూసి రెండోసారి కూడా అదే కణమనుకోవడానికి లేదు.

ఈ ఏడాది ప్రతి గ్రామ సంఘం నాలుగు పనులు చేయాలని కోరుతున్నాం.

మొదటిది, 30 ఏళ్లు దాటిన ప్రతి సభ్యురాలు ఏఎన్ఎమ్ దగ్గర రొమ్ము పరీక్ష చేయించుకోవాలి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, చాలావరకు మామూలు గడ్డలే. కానీ నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు.

రెండోది, చికిత్సలో ఉన్నవాళ్ల బయాప్సీ రిపోర్టు జిరాక్సు తీసి, ఒక ఫైల్లో పెట్టుకునేలా సంఘం లీడరు చూడాలి. ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షలు అయ్యాయా అని డాక్టరుగారిని అడగడం తప్పు కాదు.

మూడోది, డాక్టరు ఆపమనేదాకా మందు ఆపకూడదు. వాంతులు, నీరసం, భయం ఏదున్నా ముందు డాక్టరుకు చెప్పాలి.

నాలుగోది, ఆరోగ్యశ్రీ కార్డు చికిత్సకు పనికొస్తుంది గానీ పోయిన కూలి, ఇంటి వంట, పిల్లల బడి అది చూడదు. కీమో రోజున తోడు వెళ్లేందుకు సంఘంలో వంతులు వేసుకుందాం. ఆమె అప్పు వాయిదా ఎలా సర్దాలో గ్రామ సంఘంలో తీర్మానం చేద్దాం. చాలామంది మందు మానేది నమ్మకం లేక కాదు, తోడు లేక.

వాయిదా కట్టని సభ్యురాలి ఇంటికి మనమంతా వెళ్తాం. కీమోకు వెళ్లని సభ్యురాలి ఇంటికి కూడా అలాగే వెళ్దాం. ఈ నాలుగూ ఇవాళ్టి తీర్మానాల్లో చేర్చాలని సభను కోరుతున్నాం.