ఓడని జట్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము ఎస్.ఎస్.ఎల్.సి. దాక చదివి రైల్వేలో గుమాస్తాగా పనిచేయువారము. పంచాంగ శ్రవణమునకు తరువాత, భోజనములకు ముందు మమ్ము మాట్లాడుమన్నారు. ఎంత త్వరగా ముగించిన అంత మెచ్చుకొందురని తెలియును. అయినను ఒక సంగతి తేల్చుకొనవలసి యున్నది. మన సంఘమువారు తాలూకాలోని బడిపిల్లల ఫుట్‌బాల్ పోటీలకు ఒక షీల్డు ఇవ్వదలచినారు. దానిని ఏడాదిలో ఒక్క ఆటయు ఓడని జట్టుకే ఇవ్వవలెనని కార్యవర్గములో అనుకొన్నారు. ఆ షరతును గురించియే మా మాటలు.

మా ఊరి పిల్లవాడొకడు, మాకు తమ్ముని వరుస, అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. మొన్న ఫోనులో, "అన్నా, ఇక్కడ నవంబరు వచ్చిందంటే ఆఫీసులో ఒకటే మాట. ఓడని కాలేజీలు ఇంకా ఎన్ని మిగిలినాయని లెక్కపెట్టుకుంటా ఉంటారు" అన్నాడు. వారి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు వంటి బంతిని చంకలో పెట్టుకొని పరుగెత్తుదురు. కాని ఆ లెక్క విన్న కొలది మాకు మన షీల్డు గుర్తుకు వచ్చినది.

అక్కడ పై తరగతిలోనే 130కి మించి కాలేజీలున్నవి. మామూలు ఆటలు ఒక్కొక్క దానికి ఏడాదికి 12 మాత్రమే. అందరితో అందరు ఆడుట కుదరదు. అందుచేత సెప్టెంబరులో ఎన్నో జట్లు ఓడకుండ ఉండును. నవంబరు చివరకు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అప్పుడు బయలుదేరును అసలు తగవు: నీవు ఓడలేదు సరే, ఎవరితో ఆడి ఓడలేదు? దీనిని తేల్చుటకు 13 మంది పెద్దల కమిటీ ఒకటి ఉన్నది.

2023లో ఫ్లోరిడా స్టేట్ అను జట్టు 13 ఆటలు ఆడి పదమూడును గెలిచినది. ఆఖరి పోటీకి నాలుగు జట్లనే ఎన్నుకొను కాలమది. కమిటీవారు ఈ జట్టును ప్రక్కన పెట్టి, ఒక్కొక్క ఆట ఓడియున్న టెక్సాస్, అలబామా జట్లను తీసికొన్నారు. ఆ జట్టు ముఖ్య ఆటగాడు నవంబరులో కాలికి గాయమై పడిపోయినాడు, అతడు లేని జట్టు వేరు అన్నది వారి మాట. మాకు అది న్యాయమని తోచలేదు. గెలిచిన జట్టును వాకిట నిలబెట్టుట ఏమి మర్యాద? మరుసటి ఏడు పన్నెండు జట్లను పిలిచినారు. ఈ తడవ ఓడక వచ్చినది ఒరెగాన్. అక్టోబరులో ఒహాయో స్టేట్‌ను ఒక్క పాయింటు తేడాతో ఓడించిన జట్టది. 2025 జనవరి 1న అదే ఒహాయో స్టేట్ చేతిలో 41–21తో ఓడినది. అప్పటికే రెండు ఆటలు ఓడియున్న ఆ ఒహాయో స్టేటే ఆ నెలలో కప్పు ఎత్తినది.

ఇక మన వైపు చూడుడు. మా తాతగారు బెంగళూరు మిల్లులో పనిచేసినవారు. ఇంట తెలుగు, బయట కన్నడము. 1952–53లో మైసూరు జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు మిఠాయి పంచినారట. 1956–57, 1957–58లలో హైదరాబాదు వరుసగా గెలిచినప్పుడును పంచినారట. మీరు ఎవరి పక్షము తాతా అంటే నవ్వి ఊరకుండేవారు. ఆయన నోట ఎక్కువగా వినినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు మాట. బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు ఐదేండ్లు వారు ఇంకొకరి చేతికి పోనియ్యలేదు. ఓడినవాడు ఇంటికి పోవలసిన పోటీ అది.

ఆ జట్టును తీర్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు. మొదట ఆయన బడిపంతులు. ఆయన పెట్టిన పోటీలు వింటే వింతగా ఉండును. ఒకదానిలో వాటము లేని కాలితోనే బంతిని తన్నవలెను. ఇంకొక దానిలో బంతిని కాలి దగ్గర ఉంచుకొని డ్రిబుల్ చేయరాదు. అనగా ఎవనికి ఏది చేతకాదో దానిలోనే దింపి ఓడించేవారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు మన దేశపు జట్టును తీసికొనిపోయినది ఆయనే. అప్పటికే క్యాన్సరు వ్యాధి ఉన్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో కొట్టినది. మన సంఘము షరతు ప్రకారము ఆ రోజే షీల్డు పోయినట్లు! తరువాత థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచినారు. జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవి. వెనుక ఆడవలసిన ఆయనను రహీం ముందుకు పంపినారు. సెప్టెంబరు 4న ఫైనలులో మరల అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లు పడిన తలతో జర్నైల్ ఒక గోలు. 2–1. బంగారు పతకము మనది. మరుసటి ఏడు జూన్ 11న రహీం కాలము చేసినారు.

ఇప్పుడు మా సంగతి. పావగడ దగ్గర మేము చదివిన బడి జట్టు మూడేండ్లు ఓడలేదు. ఎవరితో ఆడినాము? చుట్టుప్రక్కల రెండు బడులతో. ఒక బడికి బంతియే లేదు, మా బంతితో ఆడేవారు. ఆట ఎదురు తిరిగితే మావాడొకడు బంతిని చంకన పెట్టుకొని ఇంటికి పోయేవాడు. (ఆ అమెరికా ఆట మాకు అప్పుడే తెలుసునన్న మాట.) నాలుగవ ఏడు తుమకూరు పోయినాము. సగము ఆటకే ఏడు గోలులు తిన్నాము. తిరుగు బస్సులో ఎవరును మాట్లాడలేదు. మా సెంటర్ ఫార్వర్డు, మాలో నిజముగా ఆట తెలిసినవాడు వాడొక్కడే, ఆ మరునాటినుండి బంతి ముట్టలేదు. వానిని పిలిచి చెప్పువారు లేరు, మాకు తోచలేదు. ఇప్పుడు తిరుమణి సోలారు పార్కులో పలకలు కడుగు పని చేయుచున్నాడు. పని మంచిదే, సంసారము జరుగుచున్నది. అంతకు ముందే నాలుగు ఊర్లు తిరిగి నాలుగుసార్లు ఓడియుండిన యెడల ఆ ఏడు గోలులు వానికి అంత పెద్దవి కాకపోవునని మాకు ఇప్పటికిని తోచును.

ఓడని జట్టుకే షీల్డు అంటిరా, మన పిల్లలు మేలైనవారితో ఆడుటకు పోరు. పంతుళ్లు పంపరు. కావున షరతు తీసివేయుడు. షీల్డు కొంచెము చిన్నది చేయించి, మిగిలిన డబ్బు బస్సు ఛార్జీలకు ఉంచుడు. కల్యాణదుర్గము మీదుగా పోతే అనంతపురము. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాగ్రామమున్నది, ఫుట్‌బాల్ నేర్పుచున్నారు. ఏడాదికి రెండుసార్లు అక్కడికి, రెండుసార్లు తుమకూరుకు మన పిల్లలను పంపవలెను. ఓడి వచ్చిన రాత్రి ఊరి పెద్ద ఒకడు బస్సు దగ్గర నిలబడి వారికి భోజనము పెట్టించవలెను. ఆ ఖర్చు కూడ పద్దులో వ్రాయుడు.

మా వంతు వెయ్యి రూపాయలు కోశాధికారిగారికి ఉదయమే ఇచ్చి రసీదు తీసికొన్నాము. కార్యవర్గము వచ్చే నెల కూడునట. వంటవారు రెండుసార్లు తొంగిచూచినారు, ఓళిగలు చల్లారుచున్నవి. సెలవు.