సమీక్షకుని మాటయు, వదంతి మాటయు

కొండపల్లి బొమ్మను కొనవచ్చినవారు మొదట చేయు పని దానిని చేతిలోనికి తీసికొని చూచుట. తెల్లపొణికి కర్ర మిక్కిలి తేలిక. బొమ్మ బరువుగా తోచినచో ఇది వేరొక కర్ర యేమో యని సందేహింతురు. అంబారీ యేనుగు తొండము గట్టిగా అతికినదో లేదో మెల్లగా కదిపి చూతురు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కు అతుకులలో చక్కగా నిండినదో లేదో, రంగు వ్రేలికి అంటుచున్నదో లేదో పరికింతురు. అటుపిమ్మటనే బేరము. అమ్మువారు ఎంత వర్ణించి చెప్పినను, కొనువారి చేయియు, కన్నును వారికి సాక్షులు. మా యూరి బొమ్మల కాలనీలో ఈ పరీక్ష దినదినమును జరుగుచున్నదే.

నేటి పిల్లలకు మరియొక విధమైన ఆటబొమ్మయు వచ్చినది. అది తెరమీద కదలును. మీట నొక్కినచో పరుగెత్తును, ఎగురును, యుద్ధము చేయును. దానినే వీడియో ఆట యందుము. దీనిని చేతబట్టి చూచుటకు వీలులేదు. పెద్ద ఆట యొకటి కొనవలెనన్న మూడు నాలుగు వేల రూపాయలు ముందుగా చెల్లింపవలసి వచ్చును. దాని గుణదోషములు తెలియుటకు పది గంటలో, ఇరువది గంటలో ఆడవలెను. తండ్రి డబ్బు చెల్లించిన పిమ్మట గాని కుమారునికి ఆట సంగతి తెలియదు. అందుచేత, ఆట అంగడికి రాకముందే దానిని ఆడి చూచి, ఇందు మేలు ఇది, కీడు ఇది అని లోకమునకు చెప్పు వృత్తి యొకటి యేర్పడినది. ఆ వృత్తివారే సమీక్షకులు. మన చేయియు, కన్నును చేయవలసిన పనిని వారు మనకు బదులుగా చేయుచున్నారు.

మన చేతిని మనము అనుమానింపము. పరుల చేతిని నమ్మవలసి వచ్చినప్పుడే సందేహము పుట్టును. సమీక్షకుడు ఒక ఆటను మెచ్చుకొన్నచో "ముడుపు పుచ్చుకొన్నాడట" అందురు. నిందించినచో "పోటీ కంపెనీవారు వ్రాయించినారట" అందురు. ఆటకును, ఈ "అట"కును దీర్ఘమొక్కటే భేదము. కాని ఈ "అట"కు కర్త కనబడడు, సాక్షి కనబడడు. సమీక్షకుని మాటను ఎంతవరకు నమ్మవచ్చును, వానిపై వచ్చు వదంతిని ఎంతవరకు నమ్మవచ్చును అనునదే ఈనాటి మా ప్రసంగ విషయము.

ఈ సందేహము మన తెలుగువారికి క్రొత్తది కాదు. చలనచిత్రముల విషయమున దీనిని మనము చిరకాలముగా ఎరుగుదుము. 1950 దశకమున ముళ్ళపూడి వెంకటరమణగారు ఆంధ్రపత్రికలో పనిచేయుచు చిత్రసమీక్షలు వ్రాసిరి. ఆయన చమత్కారమును, మొగమాటము లేని తీర్పును పాఠకులు మెచ్చుకొనిరి. అటుపిమ్మట ఆయనయే చిత్రరచయిత యయ్యెను. అనగా తీర్పు చెప్పు చోటినుండి తీర్పు పొందు చోటికి వచ్చెను. ఇందు దోషమేమియు లేదు. కాని మాట్లాడువాడు ఏ చోట నిలిచి మాట్లాడుచున్నాడో వినువారికి తెలిసియుండుట మేలు.

ఇప్పుడు చిత్రము విడుదలయైన ఉదయముననే అంతర్జాలమున మార్కులు వెలువడుచున్నవి. వాటి వెంటనే వదంతులును బయలుదేరుచున్నవి. 2024 ఏప్రిల్‌లో "ఫ్యామిలీ స్టార్" విడుదలయైనప్పుడు, పనిగట్టుకొని దుష్ప్రచారము సాగించుచున్నారని కథానాయకుడు విజయ్ దేవరకొండ పక్షమువారు సైబర్ నేర విభాగపు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. అంతకుముందు 2023 అక్టోబరులో కేరళమున ఒక చిత్ర దర్శకుని ఫిర్యాదుపై కొందరు సమీక్షకుల మీద కేసు నమోదయ్యెను. విడుదలయైన 48 గంటలవరకు సమీక్ష చేయకుండుట మేలని, కేరళ ఉన్నత న్యాయస్థానమునకు సహాయకుడుగా నియుక్తుడైన న్యాయవాది 2024 మార్చిలో నివేదించెను. ఆ సంవత్సరమే డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘమువారు మొదటి 3 దినములు సమీక్షలను ఆపింపుమని కోరగా, మద్రాసు ఉన్నత న్యాయస్థానము తాత్కాలిక నిషేధమునకు అంగీకరింపలేదు. నోరు మూయించినచో వదంతి ఆగవచ్చునేమో గాని నమ్మకము మాత్రము పుట్టదని మా యభిప్రాయము.

వీడియో ఆటల రంగమున ఇట్టి వదంతులు రెండింటి చరిత్ర స్పష్టముగా తెలియుచున్నది. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుట మనకు ఉపకరించును.

మొదటిది 2007 నవంబరు నాటిది. అమెరికాలో గేమ్‌స్పాట్ అను అంతర్జాల పత్రిక ఆటల సమీక్షలకు పేరు పొందినది. అందులో సంపాదక వర్గమున ప్రముఖుడైన జెఫ్ గెర్‌స్ట్‌మన్ "కేన్ అండ్ లించ్" అను ఆటను సమీక్షించి, 10కి 6 మార్కులు ఇచ్చెను. సరిగా ఆ దినములలోనే ఆ పత్రిక పుటలనిండ ఆ యాట ప్రకటనలే ఉండెను. కొలది దినములలో ఆయన ఉద్యోగము పోయెను. ప్రకటనదారుల ఒత్తిడిచేతనే తొలగించినారని లోకము కోడై కూసెను. యజమానులు కాదనిరి. ఆయన నోరు విప్పలేదు. ఆయన సహోద్యోగులు కొందరు తామును పత్రికను విడిచిపోయిరి. 2012లో గాని ఆయన బహిరంగముగా మాట్లాడలేదు. తక్కువ మార్కులు వచ్చినందున ప్రకటనదారులు కోపించిరనియు, క్రొత్తగా వచ్చిన అధికారులు ఆ ఒత్తిడికి తాళలేకపోయిరనియు అప్పుడు వివరించెను. వదంతికి ఆధారమున్నదని తేలుటకు 4 సంవత్సరములకు పైగా పట్టినది.

రెండవది 2014 ఆగస్టు నాటిది. అమెరికాలోనే, ఒక చిన్న ఆటను స్వయముగా తయారుచేసిన యువతి పై వదంతి పుట్టెను. కొటాకు అను పత్రికలోని విలేఖరితో ఆమెకు స్నేహమున్నదనియు, అందుచే అతడు ఆమె ఆటను పొగడుచు సమీక్ష వ్రాసినాడనియు చెప్పుకొనిరి. సంపాదకుడు విచారించి, ఆ విలేఖరి ఆ ఆటకు సమీక్షయే వ్రాయలేదని ప్రకటించెను. లేని సమీక్షకు లంచమెక్కడిది? అయినను వదంతి ఆగలేదు. గేమర్‌గేట్ అను పేరుతో నెలల తరబడి సాగినది. ఆమెకును, ఆ రంగముననున్న మరికొందరు స్త్రీలకును చంపుదుమను బెదరింపులు వచ్చెను. ఆమె ఇల్లు విడిచి వేరొకచోట తలదాచుకొనవలసి వచ్చెను.

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు చెప్పుదురు. మొదటి కథలో నిప్పు ఉండెను. రెండవ కథలో నిప్పు లేకయే ఇల్లు కాలెను. వినువారికి రెండు పొగలును ఒకే తీరున కనబడెను. ఐనను రెండవదానిని పరీక్షించుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు; "ఆ సమీక్ష ఏది, చూపుడు" అని అడిగినచో చాలును. మొదటి దానిలో సమీక్ష యున్నది, ప్రకటనలు అందరి కన్నుల యెదుటనే యున్నవి, ఉద్యోగము పోయిన దినమును తెలిసినదే. కావున వదంతులన్నియు సమానములు కావు. కంటికి కనబడు వస్తువును చూపునది యొకటి. "అట" అను మాటతో ఆరంభమై "అట" అను మాటతోనే ముగియునది యొకటి.

మరియొక సంగతి. వదంతులు చెప్పు సంచీలోని డబ్బు కథలకంటె, అందరును చూచుచుండగా జరుగు మెత్తని ఏర్పాట్లే సమీక్షను ఎక్కువగా వంచుచున్నవి. 2020 డిసెంబరులో "సైబర్‌పంక్ 2077" అను ఆట వెలువడెను. విడుదలకు ముందు నిర్మాతలు సమీక్షకులకు కంప్యూటరుపై ఆడు ప్రతిని మాత్రమే యిచ్చిరి; తాము ఆడిన దృశ్యములను చూపుటకును అప్పుడు అనుమతింపలేదు. సమీక్షకులు ఆడిన యంత్రమునకును, అనేక గృహములలోని పాత ప్లేస్టేషన్ యంత్రములకును చాల భేదముండెను. పాత యంత్రములపై ఆట తరచు ఆగిపోయెను, బొమ్మలు చెదిరిపోయెను. వారము గడచునప్పటికి సోనీ కంపెనీ దానిని తన అంగడినుండి తొలగించి, డబ్బు వాపసు ఇయ్యవలసి వచ్చెను. ఇందు ఎవరును ముడుపు తీసికొనలేదు. సమీక్షకులు చూచినది చూచినట్లే వ్రాసిరి. కాని వారికి చూపినది మనకు అమ్మినది కాదు.

అట్లే 2014లో "షాడో ఆఫ్ మోర్డార్" అను ఆటకై వార్నర్ బ్రదర్స్ కంపెనీ, వీడియోలు చేయు ప్రసిద్ధులకు డబ్బిచ్చి పొగడించినదనియు, ఆ సంగతిని చూచువారికి స్పష్టముగా తెలుపలేదనియు అమెరికా వాణిజ్య సంఘము అభియోగము మోపగా, 2016లో ఆ కంపెనీ రాజీపడెను. మార్కుల వలన మరియొక చిక్కు. 2010లో వచ్చిన "ఫాలౌట్: న్యూ వేగస్" ఆటకు, సమీక్షల సగటు 85 వచ్చినచో నిర్మాణ సంస్థకు అదనపు సొమ్ము ముట్టవలెనని ఒప్పందముండెను. వచ్చినది 84. ఒక్క మార్కు కొరకు ఆ సంస్థవారు ఆ సొమ్మును కోల్పోయిరి. తన మార్కుపై ఇతరుల జీతము ఆధారపడియున్నదని తెలిసిన సమీక్షకుని కలము తేలికగా కదలగలదా?

ఇంత చెప్పిన పిమ్మట, "ఐనచో ఎవరినీ నమ్మకుండుటయే మేలు గదా" అని కొందరు అనవచ్చును. అది తెలివిగా తోచును గాని నష్టము దానిలోనే యున్నది. జార్జి ఏకర్లాఫ్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1970లో పాతకార్ల అంగడిని ఉదాహరణముగా తీసికొని ఒక సంగతి నిరూపించెను. మంచి సరుకునకును చెడ్డ సరుకునకును భేదము కొనువారికి తెలియనిచో, వారు అన్నిటికి తక్కువ వెలయే యిత్తురు, అప్పుడు మంచి సరుకు గలవారు అంగడిని విడిచిపోవుదురు, చెడ్డదే మిగులును. 2001లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మా కొండపల్లి పనివారికి ఈ సిద్ధాంతమును పుస్తకములో చదువనక్కరలేదు. వేరు కర్ర బొమ్మను కొండపల్లి బొమ్మ యని అమ్మినచో, నష్టపడునది దానిని కొన్నవారు మాత్రమే కాదు. ఓపికగా తెల్లపొణికిని ఆరబెట్టి చెక్కినవాని శ్రమకును విలువ తగ్గును. మా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కోరబడుటకు కారణము ఇదియే. సమీక్షకులందరును అమ్ముడుపోయినవారే యని లోకము తీర్మానించిననాడు, నిజాయితీగా వ్రాయువానికి తన నిజాయితీవలన లాభమేమి? వాడు వృత్తిని విడిచిపోవును. అమ్ముడుపోయినవాడే మిగులును. అప్పుడు వదంతి తనంతట తానే నిజమగును.

కావున నమ్మకమును గంపగుత్తగా ఇయ్యరాదు, గంపగుత్తగా తీసివేయరాదు. బొమ్మ అతుకులను చూచినట్లు సమీక్ష అతుకులను చూడవలెను. సమీక్షకుడు ఆటను కొన్నాడా, కంపెనీవారు ఇచ్చినారా? ఆ మాట దాచక చెప్పినాడా? ఏ యంత్రముపై, ఎన్ని గంటలు ఆడినాడు? ఆ యంత్రము మన యింట నున్నదేనా? మార్కులు మాత్రమే వేసినాడా, కారణములును చెప్పినాడా? కారణములు చెప్పినవానితో మనము ఏకీభవింపకున్నను, వానివలన మనకు ఉపయోగము కలదు. హింస యెక్కువని వాడు మెచ్చిన ఆటను, ఆ కారణముచేతనే మనము వలదనవచ్చును.

మన దేశమున కొంత కట్టుబాటును ఏర్పడినది. వినియోగదారుల సమీక్షలకై 2022 నవంబరులో భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 19000 వెలువడినది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖవారు, డబ్బుగాని, ఉచిత వస్తువుగాని పుచ్చుకొని సరుకును పొగడువారు ఆ సంగతిని సులభమైన మాటలలో, కనబడునట్లు చెప్పవలెనని నియమించిరి. వినియోగదారుల రక్షణ చట్టము క్రింద మొదటి తప్పునకు 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ఐనను చట్టము ప్రతి ఇంటి గడపకు కావలి యుండజాలదు.

సమీక్షకుని అడిగిన ప్రశ్నలనే వదంతిని మోసికొని వచ్చినవానిని కూడ అడుగుట న్యాయము: నీవు చూచితివా? ఎక్కడ చూచితివి? చూపగలవా? చూపలేనిచో, ఆ మాటను మరియొకరికి అందింపక మన యొద్దనే ఆపుదము. ఈమారు మీ పిల్లవాడు ఆట కొనిపెట్టుమని అడిగినప్పుడు, మార్కులు చూచి ఔననవలదు, ఎవరో అన్నమాట విని కాదనవలదు. ఒక సమీక్షను వానిచేతనే బిగ్గరగా చదివించి, ఈ ప్రశ్నలకు జవాబు అందులో ఎక్కడ నున్నదో వెదకుమనుడు. దొరికినవి ఎన్ని, దొరకనివి ఎన్ని యని తండ్రీకొడుకులు కూర్చుండి లెక్కించిన పిమ్మట, కొనుటయో మానుటయో వారిరువురును కలసి నిర్ణయించుకొనవచ్చునని మా మనవి.