చెఱకుతోటల తెలుగువారు, మన రాయబారులు



పరదేశములందు స్వదేశ ప్రతినిధులై మెలగువారి అనుభవములను గూర్చి ప్రసంగింపుమని సంఘమువారు నన్నాజ్ఞాపించిరి. రాయబారమనగానే మనకు శ్రీకృష్ణుడు కౌరవసభ కేగిన కథ స్ఫురించును. అది రాజ్యముకొఱకు జరిగినది. కూలివానికొఱకు జరిగిన రాయబారము నొకదానిని నేడు మనవి చేసెదను.

నిజాముసాగరపు నీటితో చెఱకు పండించి, 1937లో స్థాపితమైన బోధను చక్కెర కర్మాగారమునకు బండ్లు తోలిన ప్రాంతము మనది. చెఱకుపని కష్టము మనకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ పనికే 1860లో మద్రాసు రేవునుండి ‘ట్రూరో’ యను ఓడలో కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు బోయిరి. 1911 వఱకు లక్షన్నరకు పైబడిన భారతీయు లచట దిగిరి. వారిలో తెలుగువారును పెక్కండ్రు. ఐదేండ్ల ఒడంబడిక తీరినపిమ్మట వారు భూమి కొని, అంగళ్లు పెట్టి స్థిరపడగా దొరతనమువారికి కన్ను కుట్టెను. పన్నులును, నిర్బంధములును మొదలయ్యెను.

1927 నాటి కేప్‌టౌను ఒప్పందము ననుసరించి భారతప్రభుత్వ ప్రతినిధి అచట నియమితుడయ్యెను. ఆ పదవికి ‘ఏజెంటు’ అని పేరు. మొదటివారు శ్రీనివాసశాస్త్రిగారు. రెండవవారు మన తెలుగువారే. మద్రాసు రాష్ట్రమున మంత్రిత్వము నెఱపిన సర్ కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు. 1929 మొదలు 1932 వఱకు వారచట పనిచేసిరి. స్వతంత్రదేశపు బలము వారి వెనుక లేదు. వాదనయు, ఓర్పును మాత్రమే వారి సాధనములు. ట్రాన్స్‌వాలులో ఆసియావాసుల భూహక్కులను బిగించిన 1932 నాటి చట్టము ఆగలేదు. అయినను వారి కాలముననే, 1931లో, అచటి తెలుగువారు ఆంధ్రమహాసభను నెలకొల్పుకొనిరి. 1946లో భారతదేశము తన ప్రతినిధిని మరలించి, ఆ దేశముతో వర్తకమును మానెను. 1993లో గాని దౌత్యబంధము మరల కుదురలేదు.

ఇక మన సంగతి. బోధను కర్మాగారము 2015లో మూతపడెను. మన పల్లెలనుండి దుబాయి, సౌదీ, కువైటులకు బోవు బాట మాత్రము మూతపడలేదు. ఆ దేశములందలి మన రాయబార కార్యాలయోద్యోగులకు విందులకంటె ఆసుపత్రియు, చెఱసాలయు, శవాగారమును ఎక్కువ పరిచితములు. నిరుపేదల భౌతికకాయములను ఇల్లు చేర్చుటకు 2009లో ఏర్పడిన భారతీయ సముదాయ సంక్షేమనిధి కలదు. కాని పరదేశపు చట్టమును మీఱి యే యధికారియు యజమానిని శాసింపజాలడు. చేత ఒప్పందపత్రము లేక, విజిట్ వీసాపై బోయి పనిలో జేరినవాని పక్షమున ఆయన యేమని వాదింపగలడు?

ఆనాడు ఏజెంటనగా మనకొఱకు వాదించువాడు. నేడు మన పల్లెలలో ఏజెంటనగా అప్పు చేయించి విమానమెక్కించు దళారి. కావున దాతలకు నాదొక విన్నపము. విద్యార్థి వసతిగృహమువలెనే నిజామాబాదులో నొక చిన్న కచేరి నేర్పఱచి, పయనమగు ప్రతి పిల్లవాని వీసాను, ఒప్పందమును చదువనేర్చినవానిచే పరిశీలింపజేసి, నకళ్లు భద్రపఱపుడు. రూకలు చేతులు మాఱకమునుపే ఈ పని జరుగవలెను. ఆపద కలిగిననాడు ఆ నకలే మన రాయబారి చేతి కాయుధమగును.