ఊరుమ్మడి పొయ్యి



పూర్వము మన పల్లెలలో పొద్దు వాలిన వేళ పెద్దలు అరుగులమీద కూర్చుండి ఇండ్ల కప్పులవంక చూచుచుండెడివారు. ఏ యింట పొగ లేచినదో, ఏ యింట లేవలేదో వారికి తెలియుచుండెడిది. రెండు పూటలు పొగ లేవని యింటికి ఎవరి చేతనో తవ్వెడు బియ్యము చప్పుడు లేకుండ చేరెడిది. నేడు గ్యాసు పొయ్యిలు వచ్చినవి; పొగ లేదు. ఆడువారి కన్నులకు మేలు కలిగినది, సంతోషమే. కాని ఏ యింట వంట జరుగలేదో అరుగుమీద కూర్చుండి తెలిసికొను ఉపాయము పోయినది. పొరుగువాని యాకలి మన కంటికి మరుగైనది.

ఈ పూట నేను మాటలాడదలచినది అన్నదానమును గూర్చి. అన్నదానమహిమను మీకు నేను చెప్పవలసిన పని లేదు. శ్రీరామనవమికి, కార్తికమాసమునకు, గ్రామదేవత పండుగకు వందలకొలది విస్తళ్ళు వేయించినవారు మీరు. నేను చెప్పబోవునది పండుగనాటి సంతర్పణ కాదు. ఏ పండుగయు లేని మంగళవారమునాడు దిక్కులేని ముసలివారికి, రోగులకు, ఇల్లు వాకిలి లేక తిరుగువారికి ఊరివారు చేయి కలిపి వండిపెట్టు ఉమ్మడి వంటను గూర్చి చెప్పుదును. అన్నము పెట్టుట కంటె కష్టమైన పని యొకటి గలదు. అది తినువాని తల వంగకుండ పెట్టుట.

ఆకలి మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1866లో ఒరిస్సాను, దానిని ఆనుకొనియున్న గంజాం మండలమును గొప్ప క్షామము పీడించినది. శ్రీకాకుళము, టెక్కలి, ఇచ్ఛాపురము నాడు గంజాం మండలములోనివే. ఒరిస్సాలో సుమారు పది లక్షలమంది మరణించిరని చెప్పుదురు. పూరీ గజపతియగు దివ్యసింహదేవుని తొమ్మిదవ అంకమున వచ్చినది గనుక దానిని ఒడియావారు 'నఅంక' క్షామమని పిలిచిరి. ఆ కరవులో ప్రాణములు నిలుపుటకై అన్నసత్రములు తెరచి వండిన యన్నము పెట్టిరి. అక్కడ తిని బ్రతికినవారిలో అనేకులను, కరవు తీరిన పిమ్మట, వారి కులమువారు మరల పంక్తికి రానీయలేదు. సత్రమున ఎవరు వండినదో, ఎవరి ప్రక్క కూర్చుండి తిన్నారో యని వారిని వెలివేసిరి. అట్టివా రందరు కలిసి వేరొక కులమై, 'ఛత్రఖియా' యను పేరు మోసిరి. సత్రపు కూడు తిన్నవారని దాని యర్థము. చూచితిరా! కడుపు నిండినది, ఊరు పోయినది.

ఇందలి వింత యేమనగా, ఇది జరిగినది జగన్నాథుని దేశమున. పూరీలో మహాప్రసాదమును కులభేదము లేక అందరు కలిసి భుజింతురు. మన పల్లెలనుండి పూరీయాత్ర చేసివచ్చినవారందరు దాని నెరుగుదురు. దేవుని యెదుట తప్పు కాని పంక్తి, ఆకలియెదుట తప్పైనది.

ఆ క్షామము వచ్చిన మరుసటి యేడే, 1867 మే నెలలో, తమిళదేశమున వడలూరు గ్రామమందు రామలింగస్వామి యొక ధర్మశాలను నెలకొల్పిరి. కులమతములు చూడక వచ్చినవారి కెల్ల అన్నము పెట్టవలెనని వారి శాసనము. నాడు వెలిగించిన పొయ్యి నేటివరకు ఆరలేదు. మన తెలుగునాట గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు 1841 మొదలు 1909 వరకు జీవించిరి. లంకల గన్నవరములోని వారి యింట వేళ కాని వేళ వచ్చినవానికిని విస్తరి వేయబడుచుండెడిది. ఆమె యొకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, దారిలో కొందరు బాటసారులు "సీతమ్మగారి యింటికి చేరితిమా, మన యాకలి తీరును" అని చెప్పుకొనుట విని, యాత్ర మాని వెనుకకు మరలి వచ్చి వారికి వండిపెట్టెనని గోదావరివారు నేటికిని చెప్పుకొందురు. 2024లో మన ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది.

ఇవన్నియు బడిలో పిల్లలకు చెప్పినవాడను నేను. పరాశరస్మృతిలో అతిథి యొక్క గోత్రమును, శాఖను, చదివిన చదువును అడుగరాదనియు, వానిని దేవునిగా మనసున తలపవలెననియు నున్నది. ఆ శ్లోకమునకు ముప్పది యేండ్లు అర్థము చెప్పితిని. అర్థము చెప్పుట వేరు, అర్థమగుట వేరని నాకు 2020లో తెలిసినది.

ఆ యేడు మార్చి 25వ తేదీనుండి కరోనా కారణమున దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. మదరాసునుండి కలకత్తాకు పోవు జాతీయరహదారి మన రెండు జిల్లాలలోను సాగి, ఇచ్ఛాపురము దాటి ఒడిస్సాలో ప్రవేశించును. పనులు పోయిన కూలీలు ఆ దారివెంట ఎండలో కాలినడకను, సైకిళ్ళమీదను తమ దేశములకు పోవుచుండిరి. దారిప్రక్క పల్లెలవారు పులిహోర, మజ్జిగ, అరటిపండ్లు తెచ్చి యిచ్చుచుండిరి. మా ఊరి కుర్రవాండ్రును ఒక చింతచెట్టు క్రింద వంట పెట్టిరి. నన్ను పెద్దవాడనని వడ్డన చూడుమనిరి.

ఒకనాటి మధ్యాహ్నము ఒడియా కూలి యొకడు, ఏబదియేండ్లవాడు, వచ్చి ఆకుముందు కూర్చుండెను. అన్నము వడ్డింపబోవుచు నేను, ఏ దుర్బుద్ధియు లేకయే, కేవలము అలవాటుచొప్పున, "మీరే జాతివారు?" అని వాని భాషలో అడిగితిని. ఆతడు నావంక చూచెను. ఏమియు ననలేదు. తన యాకును జాగ్రత్తగా ఎత్తి, మరియొకరికి పనికివచ్చునట్లుగా కట్టపైన పెట్టి, రెండు చేతులు జోడించి, లేచి నడచిపోయెను. నేను గరిటె పట్టుకొని నిలుచుంటిని. మా కుర్రవాండ్రలో నొకడు పొట్లము కట్టుకొని అరమైలు పరుగెత్తి వానికి ఇచ్చి వచ్చెను. "ఏమని యిచ్చితివిరా?" అని నేనడుగగా, "ఏమీ అనలేదు మాస్టారూ. అందుకే పుచ్చుకొన్నాడు" అనెను.

అదే సమయమున మన తీరపు జాలరులు వేలమంది గుజరాతులోని వేరావలు రేవున చిక్కుకొని, ఏప్రిల్ నెలాఖరున గాని బస్సులలో ఇంటికి బయలుదేరలేకపోయిరి. మన జిల్లాలు వలసపోవు జిల్లాలు. మన బిడ్డలు ఎవరి గడపలో ఆకుముందు కూర్చుందురో, వారిని ఎవ రేమడుగుదురో మన మెరుగము. ఈ మాట నాకు నాడు తోచలేదు. ఆ మనుష్యుడు పోయిన పిమ్మట తోచినది.

ఇది అడుగరానిది అడిగిన తప్పు. చూడవలసినది చూడని తప్పు మరియొకటి చేసితిని. మా వీథి చివర ఒక ముసలమ్మ ఒంటరిగా నుండెడిది. కొడుకులిద్దరు పనికై దూరదేశము పోయిరి. నేను ఉదయమున చెరువునకు పోవుచు, "భోజనమేమి వండుకొందువమ్మా?" అని పలుకరించెడివాడను. "ఇయ్యాల ఏకాసి బాబూ, ఒక్కపొద్దు" అని ఆమె నవ్వెడిది. సంతోషించి ముందుకు సాగెడివాడను. పంచాంగము చూచుట నాకు నిత్యకృత్యము. నాడు త్రయోదశియని నాకు తెలియును. నాలుగుదినముల పిమ్మట విదియనాడును ఆమె ఏకాదశియే యనెను. ముసలితనమున తిథి మరచినదనుకొంటిని. ఒకనాడు గడపలో పడిపోయినప్పుడు ఎత్తబోయి చూడగా, ఆమె చేయి పిల్లచేయివలె నున్నది. ఇంటిలో బియ్యపు సంచి నిండుగానే యున్నది. కన్నులు కానరాక రెండు మారులు చేయి కాల్చుకొని, నాటినుండి ఆమె పొయ్యి వెలిగించుట మానినది. ఎవరినైన అడుగుటకు అభిమానము. కనుక పూటపూటకు ఏకాదశి.

అయ్యలారా, ఇది గమనింపుడు. 2013 నాటి ఆహారభద్రతా చట్టముక్రింద కార్డు గల పేదయింట మనిషి కొక్కింటికి నెలకు 5 కిలోల బియ్యము వచ్చుచున్నది. 2023 జనవరినుండి దానికి వెలయు లేదు. పట్టణములలో 2018లో తెరచి, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మరల తెరచిన అన్న క్యాంటీన్లలో పూట భోజనమునకు 5 రూపాయలు. ఇవి మంచి పనులు. కాని బియ్యము అన్నము కాదు. నడువలేనివానికి పట్టణము దగ్గర కాదు. బియ్యమునకును అన్నమునకును నడుమ ఒక చేయి కావలెను. ఆ చేయి ఊరివారిదే కావలెను.

మా ఊర మేము చేసిన యేర్పాటు చెప్పెదను. ఇంటికి దినమునకు పిడికెడు బియ్యము తీసి కుండలో వేయవలెను. నేను తూచి చూచితిని; పిడికెడు సుమారు 50 గ్రాములు తూగినది. నూరిండ్లు వేసినచో దినమునకు 5 కిలోలు. మనిషికి పూటకు 125 గ్రాముల చొప్పున నలుబదిమందికి చాలును. పప్పు, నూనె, గ్యాసు ఖర్చు చందాలవలన. ఆనపకాయలు, వంకాయలు, గుమ్మడికాయలు దొడ్లనుండి. వంటకు దినమునకు రెండిండ్లవారి వంతు. ఉదయము చోడి అంబలి, మధ్యాహ్నము అన్నము, పప్పు, కూర. నడువలేనివారికి క్యారేజీ ఇంటికి పోవును. రోగులకు వైద్యుడు చెప్పిన పథ్యమే. మా ఉద్దానపు ప్రాంతమున మూత్రపిండరోగులు పెక్కుమంది. వారికి ఉప్పు పప్పులు మన యిష్టముకొలది పెట్టుట ప్రేమ కాదు, అపకారము. లెక్క ప్రతిదినము పలకమీద వ్రాసి గోడకు తగిలింతుము.

ఇంత చేసినను మొదటి నెల ఎవరును రాలేదు! వండిన యన్నము వండినట్లే యుండినది. ముసలివారు గుమ్మములోనుండి తొంగిచూచి పోయెడివారు. మాకు కారణము బోధపడలేదు. అప్పుడు మాలో నొక రైతు 2018 తిత్లీ తుఫానును జ్ఞాపకము చేసెను. ఆ యేడు అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరము దాటి, ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చినది. కరెంటు లేదు, కప్పు లేదు. అందరము రామమందిరమువద్ద ఒక్క పొయ్యిమీద వండుకొని తింటిమి. "నాడు ఎవరికిని సిగ్గు కలుగలేదు గదా, మాస్టారూ! ఏమంటే నాడు పెట్టేవాడూ తిన్నాడు" అని ఆ రైతు చెప్పెను.

ఆ మాట నాకు స్మృతివాక్యమువలె వినబడినది. మేము వండి, మేము వడ్డించి, మేము మాత్రము ఇండ్లకు పోయి తినుచుంటిమి. అనగా ఆ పంక్తి పెట్టువారిది కాదు, పేదవారిది. ఆ పంక్తిలో కూర్చున్నవాడు తాను పేదనని ఊరియెదుట ఒప్పుకొనినట్లు. అమృతసరమున సిక్కుల గురుద్వారములోని లంగరున ధనికుడును, కూలియు ఒకే నేలమీద ఒకే వరుసను కూర్చుండి తినుటలోని కిటుకు ఇదియే. మరునాటినుండి మాలో పెద్దలమందరము వంతుచొప్పున, మా మా బియ్యము కుండలో వేసి, ఆ పంక్తిలోనే కూర్చుండి తిన నారంభించితిమి. మొదట మునసబుగారి వంశపు వృద్ధుడొకరు కూర్చుండిరి, తరువాత నేను. నా కది సులభము కాలేదని దాచను. నా తండ్రి చూచియుండిన ఏమనునో యని తొలి ముద్ద గొంతున దిగలేదు. రెండవ ముద్ద దిగినది.

పదునైదు దినములలో ముప్పదిమంది వచ్చిరి. ఆ ముసలమ్మకు నాటివరకు క్యారేజీ పంపుచుంటిమి. ఒకనాడు మనుమరాలివంటి పొరుగుపిల్ల చేయి పట్టుకొని తానే నడచి వచ్చి నా ప్రక్క యాకున కూర్చుండెను. "ఈ పూట పప్పేటి బాబూ?" అని అడిగెను. పంచాంగము ప్రకారము నాడు నిజముగా ఏకాదశి. ఆమె యెరుగదు. నేను చెప్పలేదు.

పెద్దలారా, మీరు మీ గ్రామములలో ఇట్టి పొయ్యి పెట్టదలచినచో మూడు మాటలు మరువకుడు. తినవచ్చినవానిని ఏమియు అడుగకుడు. రానివాని యింటివంక మాత్రము తప్పక చూడుడు. దాతల పేర్లు గోడమీద చెక్కింపకుడు. మా ఊర ఆ పేర్ల తగవులోనే వంట వారము దినములు ఆగినది. అన్నిటికంటె ముందు, మీ ఆకును మీరే ఆ పంక్తిలో వేసికొనుడు. చందా యిచ్చుట మీకు కష్టము కాదు, కూర్చుండుటయే కష్టము. మీరు కూర్చున్నగాని మీ ఊరి ఆకలి లేచి బయటికి రాదు.

రేపు సాయంకాలము అరుగుమీద కూర్చున్నప్పుడు ఒక్కమారు వీథి చివరవరకు చూడుడు. పొగ కనబడదు, కనుక లేచి నడచిపోయి చూడుడు. ఎవరైన నేడు ఏకాదశి యన్నచో, ఇంటికి వచ్చి పంచాంగము విప్పుడు.