ఎర్రగుట్ట మీద ఇరం మంజిల్

అమీర్‌పేటలో ఎల్బీ నగర్ వైపు మెట్రో ఎక్కితే పంజాగుట్ట తర్వాత వచ్చే స్టేషన్ ఇర్రం మంజిల్. ఆ పేరు రోజూ ఎందరి చెవినో పడుతుంది. ఆ పేరున్న మేడను తలెత్తి చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఈ పూట దాన్ని చూడటం ఎలాగో చెప్పుకుందాం.

1870 ప్రాంతంలో నిజాం కొలువులోని నవాబు ఫక్రుల్ ముల్క్ ఈ మేడ కట్టించాడు. మేడ ఉన్న గుట్టను జనం ఎర్రగుట్ట అనేవారు. ఫారసీలో ఇరం అంటే స్వర్గం. తెలుగు నోటికి ఎర్ర, దర్బారు చెవికి ఇరం! రెండు భాషల వాళ్లూ తమదే అనుకునే పేరు పెట్టిన ఆ చమత్కారం నాకెంతో ఇష్టం.

నూటయాభైకి పైగా గదులున్న భవనమిది. ముఖభాగంలోని స్తంభాలూ, గచ్చుతో తీర్చిన లతలూ యూరప్ పోకడవి. కానీ అక్కడే ఆగిపోకండి. ఈ ఆవరణలో ఒకప్పుడు పోలో మైదానం, గుర్రపుసాలలు, పాడిపశువుల కొట్టాలు కూడా ఉండేవి. పాలు పితికే చోటూ, గుర్రాలకు దాణా పెట్టే చోటూ ఉన్న ఇల్లది. ఊరి దొర గడీకి పశువుల కొట్టం ఎలాగో దీనికీ అలాగే. పొద్దున్నే పాలతపేలాలతో అటూ ఇటూ తిరిగిన మనుషులను ఊహించుకుంటే తప్ప ఆ మేడ మనకు పూర్తిగా కనబడదు.

ఇక గోడల సంగతి. పాత మేడలో పూత రాలిన చోట చాలామంది మొహం తిప్పుకుంటారు. నేను మొదట వెళ్లేది అక్కడికే. ఆనాటి మేస్త్రీలు సున్నాన్నీ ఇసుకనూ గానుగలో పోసి, ఎద్దులతో తిప్పించి, వెన్నలా నలిగేదాకా రుబ్బించేవారు. బెల్లం నీళ్లూ, కరక్కాయ నానబెట్టిన నీళ్లూ కలిపేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా మళ్లీ రాయవుతుంది. లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. అందుకే అలాంటి గోడకు సిమెంటు పూస్తే ఊపిరాడక ఉబ్బి, పెచ్చులూడుతుంది. మరమ్మతు పేరుతో పాత గోడలకు సిమెంటు పూయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

తర్వాతి కాలంలో ఈ మేడ ప్రభుత్వ కార్యాలయమైంది. 2019 జూన్‌లో దీన్ని పడగొట్టి కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించి, శంకుస్థాపన కూడా చేసింది. జనం కోర్టుకెక్కారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మేడ నిలిచింది.

మీరు సాయంత్రం నాలుగున్నరకు వెళ్లండి. నడినెత్తి ఎండలో గచ్చుపని చదునుగా కనిపిస్తుంది. పొద్దు వాలేకొద్దీ ఒక్కో ఆకు కింద ఒక్కో నీడ పుడుతుంది. ఆ నీడలు సాగేదాకా అక్కడే నిలబడండి.